మా అమ్మాయి గుర్రానికి తగ్గ కన్వర్టర్

అద్దెకు పిలిచిన గుర్రాల లారీ ఖాళీగా వెనక్కి వెళ్లిపోయిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. లారీ తెచ్చినతను చాలా ఓపిక పట్టాడు, ఆ మాట చెప్పుకోవాలి. క్యారెట్ చూపించాడు, బకెట్లో దాణా గలగలలాడించాడు, బతిమాలాడు. మా అమ్మాయి గుర్రం ర్యాంపు మీద ముందుకాళ్లు రెండూ పెట్టింది, లోపలికి తొంగి చూసింది, ఒళ్లంతా జలదరించి వెనక్కి దూకేసింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. "దీన్ని ఏ బండిలోనో బాగా భయపెట్టారు" అంటూ అతను ర్యాంపు ఎత్తేశాడు. ఆ బండి మాదే. ఏమీ ఎరగనట్టు గేటు పక్కనే నిలబడి ఉంది.

మేముండేది డబ్లిన్‌కి దూరంగా పడమటి తీరం వైపు, ఎన్నిస్ ఊరి శివార్లలో. మా ఆవిడ లిమరిక్‌లో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నాది షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెది వరంగల్, నాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇద్దరి తెలుగుల మధ్య పెరిగిన మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. రెండు తెలుగులూ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఈ క్లేర్ జిల్లా యాస ఇంగ్లీషులో వస్తుంది. ఆ పిల్లకి గుర్రాల పిచ్చి ఎక్కడినుంచి అంటుకుందో ఇప్పటికీ తెలియదు. మా రెండు వంశాల్లోనూ గుర్రమెక్కినవాళ్లు లేరు. పెళ్లి ఊరేగింపు కూడా నేను కారులోనే చేయించుకున్నాను.

గుర్రమంటే జట్కా గుర్రాన్ని ఊహించుకోకండి. కనెమారా జాతి పొట్టి ఆడగుర్రం, బూడిద రంగు, వీపు నా ఛాతీ ఎత్తుకి వస్తుంది. కళ్లు మాత్రం కాటుక పెట్టినట్టు ఉంటాయి. పక్కింటి రైతు "పొలం ఊరికే పడి ఉంది, వదలండి" అన్నాడని తీసుకున్నాం. గుర్రం వచ్చాక దాన్ని రైడింగ్ క్లాసులకి తీసుకెళ్లడానికి బండి వెనక తగిలించుకునే బాక్స్ కావలసి వచ్చింది. బాక్స్ వచ్చాక దాన్ని లాగడానికి పాత డీజిల్ పికప్ ట్రక్కు కావలసి వచ్చింది. గేర్లు మార్చడం మా ఆవిడకి చిరాకు కాబట్టి అది ఆటోమేటిక్ కావలసి వచ్చింది. కౌపీన సంరక్షణార్థం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ వేసవిలో ఒక శనివారం బాక్స్‌లో గుర్రంతో వస్తుండగా ట్రక్కు వణకడం మొదలుపెట్టింది. నున్నటి తారురోడ్డు. అయినా బండి కింద ఎవరో గులకరాళ్లు పరిచినట్టు గడగడమని ఒకటే వణుకు. వేగం తగ్గిస్తే ఆగుతుంది, కాస్త వేగం అందుకోగానే మళ్లీ పట్టుకుంటుంది. ఇంటికి చేరి బాక్స్ తలుపు తీస్తే గుర్రం చెమటతో తడిసిపోయి ఉంది. ఒక మోకాలు గోడకి రాసుకుని తోలు లేచింది. మా అమ్మాయి దాని మెడ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఆ రోజునుంచి అది మా బాక్సే కాదు, ఎవరి బాక్సూ ఎక్కలేదు.

మామూలు రోజుల్లో అయితే ఎక్కకపోతే మానె, పొలంలో మేస్తుంది అనుకునేవాళ్లం. కానీ పక్కింటి రైతు కొడుకు పెళ్లి కుదిరి, అదే పొలంలో ఇల్లు కట్టుకుంటున్నాడు. అక్టోబరు చివర వచ్చే సెలవు లోపల ఖాళీ చేయాలి. మంచి మనిషి, మొహమాటపడుతూనే చెప్పాడు. వెతగ్గా వెతగ్గా గుర్రానికి చోటు దొరికింది, కానీ అది బరెన్ రాతికొండల అవతల, బాలీవాన్ దగ్గర, సముద్రం పక్కన. నడిపించుకుంటూ పోయే దూరం కాదు. దారిలో మెలికలు తిరిగే కొండొకటి ఉంది.

లారీ వెళ్లిపోయిన సాయంత్రం మా ఆవిడ ప్లేటు పక్కకి జరిపి, తను ఆసుపత్రిలో మాట్లాడే గొంతుతో చెప్పింది. "అక్టోబరు సెలవు దాక చూద్దాం. అప్పటికి గుర్రం తనంతట తాను ఎక్కి, నిమ్మళంగ కొండ దాటితే మనదే. లేదంటే అమ్మినామె వాపస్ తీసుకుంటనంటుంది, ఆమెది పక్కూరే, నడిపిచ్చుకపోతది. బెదిరిన గుర్రం పక్కన ఇరుకుల నా బిడ్డ నిలబడుడు నాతోని కాదు. ఆడ డ్యూటీల నా చేతులు ఆడవ్."

మా అమ్మాయి లేచి, బూట్లు వేసుకుని, పొలంలోకి వెళ్లిపోయింది. తలుపు కూడా గట్టిగా వేయలేదు. అలా నెమ్మదిగా వేసిన తలుపు చప్పుడు నా గుండెల్లో దిగిపోయింది. ఆ గుర్రాన్ని పోనివ్వకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

లిమరిక్ బయట ఒక ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మాత్రమే బాగుచేసే షెడ్డు ఉంది. దాని యజమాని భారీ మనిషి. మాట మాత్రం చంటిపిల్లల్ని జోకొడుతున్నట్టు ఉంటుంది. ట్రక్కుని ఒకసారి రోడ్డు మీదకి తీసుకెళ్లి వచ్చి "టార్క్ కన్వర్టర్" అన్నాడు.

నాకు తెలియని పేరు కాదు, కానీ పనేమిటో సరిగ్గా అప్పుడే అర్థమైంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఇక్కడ గాలి బదులు ఆయిల్. ఒక ఫ్యాను ఇంజనుది, రెండోది చక్రాల వైపుది. ఇంజను తిరుగుతున్నా బండి ఆగి ఉండగలగడం, మెత్తగా కదలగలగడం దీనివల్లే. వేగం అందుకున్నాక లోపలున్న ఒక క్లచ్చి రెండు ఫ్యాన్లనీ కలిపి బిగించేస్తుంది. మా దాంట్లో ఆ క్లచ్చి అరిగిపోయింది. పట్టుకోబోతుంది, జారుతుంది, మళ్లీ పట్టుకోబోతుంది. ఆ వణుకు అదే. కంపెనీ ఇచ్చిన కన్వర్టర్ ఒంటరిగా తిరిగే బండికి చాలునుగానీ, వెనక బాక్స్ తగిలించుకుని కొండలెక్కే బండికి చాలదన్నాడు. బయట తయారైనవి వేసుకుంటే మంచిదని మూడు రకాలు చెప్పాడు.

మొదటిది పాతదాన్నే విప్పి కొత్త క్లచ్చి వేసింది. రెండోది బరువులు లాగడానికి చేసింది, క్లచ్చి వెడల్పు ఎక్కువ, పట్టు మెత్తన. ఇంజను పెద్దగా అరవకముందే బండి కదులుతుంది. మూడోది పోటీల కోసం చేసింది. ఒకే ఇనపదిమ్మ నుంచి చెక్కిన ఒళ్లు, లోపల ఒకటికి మూడు క్లచ్చిలు. ఇంజను బాగా పైకి తిరిగాకగానీ బండిని కదలనివ్వదట, కదిలిందంటే మాత్రం ఆపేవాడు లేడు.

"ఏది వేసుకోమంటారు?" అని అడిగాను.

"మొదటిది గ్రాండ్" అన్నాడు. రెండోదో? గ్రాండ్. మూడోదో? "ఓ, గ్రాండ్ అల్టుగెదర్." ఈ దేశంలో వాన పడుతున్నా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. ముగ్గురు పెళ్లికూతుళ్లనీ మహాలక్ష్మి అనే పెళ్లిళ్ల పేరయ్యని పట్టుకుని, ఎవర్ని చేసుకోమంటావు అంటే ఏం చెబుతాడు? ఏది కావాలో ఆలోచించుకుని చెప్పమని పంపేశాడు.

ఆలోచించడానికి నా దగ్గర వాట్సాప్ గ్రూపు ఉంది. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో పనిచేసే మా కాలేజీ మిత్రుడొకడు రోజూ లువాస్ ట్రామ్ ఎక్కి ఆఫీసుకి పోతాడు. సొంత కారు కూడా లేదు. వాడే ముందు ఫోన్ చేశాడు. "మావా, తీసుకుంటే మూడోదే తీస్కో. ఎందుకైనా మంచిది. రేపు పెద్ద బాక్స్ కొన్నావనుకో, ఇంకో గుర్రం కొన్నావనుకో?" లెపర్డ్స్‌టౌన్‌లో ఉండే ఇంకొకడు అమెరికాలో ఎవరో నల్లటి పొగ కక్కుతూ బండి లాగుతున్న వీడియో పంపి, కింద నిప్పు బొమ్మలు పెట్టాడు. నాకు తెగ నచ్చింది. మూడు క్లచ్చిలంటే ఒకటి పోయినా రెండుంటాయి కదా అని నేను లెక్క వేసుకున్నాను. అవి అలా పనిచేయవని తర్వాత తెలిసింది.

ఎందుకైనా మంచిది అనే మాట మా ఇళ్లలో వేదవాక్కు. మా వాళ్లు బట్టలు పిల్లల కొలతకి కొనరు, పిల్లల భవిష్యత్తుకి కొంటారు. నేను ఐదో తరగతిలో వేసుకున్న నిక్కరు ఏడో తరగతిలో సరిపోయింది. మధ్యలో మొలతాడు కాపాడింది. బూట్లలో ముందు దూది కుక్కి పంపేవారు. అదే బుద్ధితో మా అమ్మాయికి గుర్రపు స్వారీ హెల్మెట్ ఒక సైజు పెద్దది కొన్నాను. మొదటి క్లాసులోనే నేర్పే ఆవిడ దాన్ని పిల్ల తల మీద ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, తీసి నా చేతిలో పెట్టేసింది. వచ్చే ఏడాది తలకి కాదు, ఈ రోజు తలకి కొనమని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. పెరిగే పిల్ల కదండీ అని వాదించాను కూడా. వాదించి, మర్నాడు మార్చి తెచ్చాను.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. మూడో రకమే వేయించాలని నిశ్చయించుకుని, ఆదివారం పెసరట్లు తింటూ ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ అట్టు తిరగేస్తూ అడిగింది.

"గుర్రం బరువెంత?"

"ఎంతైతేనేం? ఇది లారీని కూడా లాగుద్ది."

"బాక్స్ బరువెంత?"

"అబ్బా, చెప్తున్నా కదా, ఎంతున్నా లాగుద్దని."

"మనిషి బరువు తెల్వకుండ నేను మత్తు మోతాదు రాస్తనా? ఎందుకైనా మంచిదని డబుల్ ఇస్తే లేస్తడా?" అంది. "నువ్వు ఇంజనీరువే కద. కొలిచినవా ఏదన్న?"

కోపం వచ్చింది నాకు. తీరిగ్గా తినే ఆదివారం పూట పరీక్షలేమిటి అన్నాను. మా అమ్మాయి అప్పటిదాకా తలెత్తకుండా పెసరట్టుని ముక్కలు చేస్తోంది. "యూ'ర్ పికింగ్ ఇట్ ఫర్ ద జీప్, డాడీ" అంది. ఇక్కడివాళ్లకి ఎత్తుగా ఉన్న ప్రతి బండీ జీపే. ఆ తర్వాత గబగబా చెప్పుకుపోయింది. జీపులో మనం కూర్చుంటాం, బెల్టు పెట్టుకుంటాం, దారి కనిపిస్తుంది, మలుపు వస్తోందని తెలుస్తుంది. గుర్రం చీకట్లో నిలబడి ఉంటుంది. పట్టుకోవడానికి చేతుల్లేవు. ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో దానికి ఎవరూ చెప్పరు. ఇంకొక్కసారి భయపడిందంటే మళ్లీ జన్మలో ఎక్కదు. చివరి మాట అంటూనే నీళ్ల గ్లాసు అందుకుంది.

అయినా నా మొండితనం చచ్చిపోతుందా? షెడ్డు యజమాని సొంత ట్రక్కులో మూడో రకమే ఉంది. బరువులు లాగే పోటీలకి వెళ్తాడతను. వచ్చే శనివారం అందరం వెళ్లి అదెలా నడుస్తుందో చూద్దామన్నాను. చూస్తే వాళ్లే ఒప్పుకుంటారని నా ధీమా.

మా బాక్స్‌ని కూడా తోలుకుపొమ్మంది మా అమ్మాయి. వణుకు పట్టనివ్వకుండా నెమ్మదిగా తీసుకెళ్లాం. ఎస్టేటు వెనక పొడవాటి కాంక్రీటు దారి ఉంది, శనివారం ఎవరూ ఉండరు. షెడ్డు యజమాని తన ట్రక్కుకి మా బాక్స్ తగిలించాడు. కొడుకు మార్కులు చూపించే తండ్రిలా వెలిగిపోతున్నాడు. నేను ముందుసీటు తలుపు తీయబోతుంటే మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని ఆపింది.

"గెట్ ఇన్ ద బాక్స్, డాడీ."

"ఏంటీ?"

"ఇన్ ద బాక్స్. వేర్ షీ స్టాండ్స్."

తమాషా చేస్తోందేమో అని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే ర్యాంపు దించుతోంది. "పో, నువ్వే కద చూద్దామన్నవ్" అంది. షెడ్డు యజమానికి విషయం చెబితే నెమ్మదిగా తోలతానని మాటిచ్చాడు. గుర్రం నిలబడే చోట, ముందు కడ్డీకీ వెనక కడ్డీకీ మధ్య నిలబడ్డాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకోవాలని షరతు. మూలన గడ్డి నింపిన వల వేలాడుతోంది. ర్యాంపు ఎత్తి మూసేశారు. చీకటి. పేడ వాసన, ఎండుగడ్డి వాసన. నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది.

ముందెక్కడో ఇంజను లేచింది. లేచింది, ఇంకా లేచింది, బండి మాత్రం కదల్లేదు. ఏమైందా అని నేను మెడ చాచిన క్షణాన ఒక్క ఊపున ముందుకి దూకింది. నేను వెనక కడ్డీ మీదకి పోయాను. కాళ్లు కూడదీసుకుని నిలబడి, ఫర్వాలేదు, అలవాటవుతుంది అనుకుంటుండగా ఆ మూడు క్లచ్చిలూ కలిసి ఒక్కసారి బిగుసుకున్నాయి. ఎవరో మెడ పట్టి గెంటినట్టయింది. చేతులు వెనక ఉన్నాయి కాబట్టి మొహంతోనే ఆపుకున్నాను. ఆగాక చూసుకుంటే తల గడ్డివలలో ఉంది.

పక్కనున్న చిన్న తలుపు తీసి షెడ్డు యజమాని కంగారుగా తొంగి చూశాడు. బాగానే ఉన్నారా అని అడిగాడు.

"గ్రాండ్" అన్నాను, నోట్లోంచి గడ్డి ఊసి.

అతని వెనకనుంచి మా అమ్మాయి నవ్వు వినిపించింది. వారాల తర్వాత విన్నాను ఆ నవ్వు. మా ఆవిడ నవ్వుతూనే వచ్చి నా మోచెయ్యి వంచి చూసి, విరగలేదని తేల్చింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నానుగానీ లోపల వేరే సంగతి మెదిలింది. చేతులున్నవాణ్ని, ఏం జరగబోతోందో తెలిసినవాణ్ని, వీళ్లందరూ బయటే ఉన్నారని తెలిసినవాణ్ని. అయినా ఆ చీకట్లో నాకు భయమేసింది. ఆ వేసవి శనివారం ఆ మూగజీవం రోడ్డు పొడవునా ఎంత బెదిరిపోయిందో నా ఒంటికి తెలిసొచ్చింది.

మా వైపు ఎడ్ల బండలాగుడు పందేలు జరుగుతాయి. పందెపు ఎడ్లకి ఉలవలూ గుడ్లూ పెట్టి, పక్కలో పడుకోబెట్టుకున్నంత ముద్దుగా పెంచుతారు. కానీ బాలింతని పుట్టింటినుంచి తీసుకురావలసి వస్తే వాటిని బండికి కట్టరు. దానికి నిదానంగా నడిచే ఇంటెడ్లే. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్పేవాళ్లు ఆ సంగతి. లువాస్ ఎక్కేవాడి మాట విని నేనే మర్చిపోయాను.

"రెండోది" అన్నాను షెడ్డు యజమానితో. ఆయన మొహం ఏమీ చిన్నబోలేదు. రెండోది కూడా గ్రాండే కదా. అప్పుడు అడిగాడు, బరువెంత అని. మా ఆవిడ నా వైపు చూడకుండా ఆకాశం వైపు చూసింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి గుర్రం పొట్టచుట్టూ బరువు చెప్పే టేపు చుట్టి కొలిచింది. బాక్స్ మీద రేకు ముక్కపై బరువు ఉండనే ఉంది. వాటికి గడ్డీ, నీళ్లూ, జీనూ కలిపి చెప్పాం. ఎవరు ఎక్కువ నడుపుతారు, ఎలా నడుపుతారు అని కూడా అడిగాడాయన. మా ఇంజను ఎక్కడ పట్టు అందుకుంటుందో సరిగ్గా అక్కడే బండి మెత్తగా కదిలేట్టు కన్వర్టర్ తయారు చేయించి తెప్పించాడు. వచ్చే ఏడాది గుర్రానికి కాదు, పొలంలో ఇప్పుడున్న గుర్రానికి.

కొత్త కన్వర్టర్ వేసిన ట్రక్కుకి ఖాళీ బాక్స్ తగిలించి, మళ్లీ నేనే లోపల నిలబడ్డాను, పక్కింటి రైతు పొలం బాటలో. ఈసారి ఎవరూ చెప్పకుండానే చేతులు వెనక్కి కట్టుకున్నాను. మా ఆవిడ తోలింది. బండి ఎప్పుడు కదిలిందో గడ్డివల ఊగడం చూసి తెలుసుకున్నాను. గోడకి ఆనుకుని పక్కింటాయన "ఇండియాలో గుర్రాలకి ఇలాగే నేర్పుతారా?" అని అడిగాడు. అవునన్నాను.

ట్రక్కు సంగతి తేలిపోయింది. గుర్రానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? దానికి బాక్స్ అంటే ఇంకా ఆ వేసవి శనివారమే. మా అమ్మాయి రోజూ స్కూలునుంచి వచ్చి బాక్స్ తలుపులు తెరిచి, దాణా బకెట్టు ర్యాంపు మీద పెట్టేది. మర్నాడు కొంచెం లోపలికి. గుర్రం ముందుకాళ్లు పెట్టేది, బకెట్టు ఖాళీ చేసేది, వెనక్కి దిగిపోయేది. ఆకులు రంగు మారాయి. పక్కింటివాళ్లు పొలంలో ఇంటికి కొలతలు వేసి మేకులు పాతారు. సెలవు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిలకడ లేకుండా పోయింది. ఒక రోజు ఉండబట్టలేక "ఎక్కవే తల్లీ, నీకు దణ్ణం పెడతా!" అని అరిచేశాను. గుర్రం ఎగిరి కిందపడినంత పని చేసింది.

"డాడీ, గో అవే" అంది మా అమ్మాయి. కోపంగా కూడా కాదు.

వెళ్లి కంచె పొద అవతల నిలబడ్డాను. నా మీద నాకే చిరాకుగా ఉంది. సన్నగా జల్లు పడుతోంది. అప్పుడు వినిపించింది, పొద వెనకనుంచి, చిన్న గొంతు.

"ఏం కాదు బిడ్డా, ఏం కాదు... దా... ఒక్క ముద్ద... ఇదిగో, అయిపాయె, ఇదొక్కటే ముద్ద... నేనున్న కద..."

ఎవరా అనిపించింది ఒక్క క్షణం. మా ఇంట్లో ఆ తెలుగు మాట్లాడేది మా ఆవిడొక్కతే, ఆవిడ డ్యూటీలో ఉంది. మూడేళ్లప్పుడు ఈ పిల్లకి అన్నం తినిపించడానికి మా ఆవిడ ఎన్నిస్ ఇంటి కిటికీ దగ్గర కూర్చుని రోజూ అన్న మాటలవి. మాతో ఏళ్లుగా ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల ఆ మాటల్ని ఎక్కడో దాచుకుంది. బతిమాలాల్సి వచ్చినప్పుడు అవే బయటికి వచ్చాయి. నాకు కళ్లు నిండాయి. కదిలితే ఎక్కడ చెడుతుందోనని ముక్కు కూడా చీదకుండా నిలబడ్డాను. కాసేపటికి ర్యాంపు చెక్క మీద డెక్కల చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది, ఈసారి లోపలినుంచి.

ఆ తర్వాత గేటు దాకా ఒక ప్రయాణం, మరో రోజు చర్చి దాకా. దిగిన ప్రతిసారీ గుర్రం పొడి ఒంటితో దిగింది. ఇక కొండ మిగిలింది.

సెలవుకి ముందు శనివారం బయల్దేరాం. నేను తాళాలు అందుకోబోతే మా ఆవిడ తీసేసుకుంది. "నేనే నడుపుత. నాకు తెలవాలె" అంది. ఆమె మాట మీద ఆమె ఉందని అర్థమైంది. కొండ దాటేదాకా ఏదీ తేలలేదు. వెనక సీట్లో మా అమ్మాయి కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. ఆ వేసవిలో వణుకు మొదలైన వేగం దగ్గరకి ముల్లు వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. బండి బిగుసుకుంది, బిగుసుకున్నట్టు తెలియనివ్వకుండా. రోడ్డు రోడ్డులాగే ఉంది.

కొండ మొదలైంది. ఒక మెలిక, ఇంకో మెలిక. సగం ఎక్కేసరికి మా ముందు గడ్డిమోపులతో ఒక ట్రాక్టరు ఆగిపోయింది. ఎదురుగా టూరిస్టుల బస్సు దిగుతోంది. మేమూ ఆగాల్సి వచ్చింది, నిట్టనిలువు ఎత్తు మీద, వెనక గుర్రంతో. నాకు మూడో రకం కన్వర్టరూ, గడ్డివలలో నా తలా గుర్తొచ్చాయి. బస్సు దాటింది, ట్రాక్టరు కదిలింది. మా ఆవిడ బ్రేకు మీదనుంచి మెల్లగా కాలు తీసింది. బండి వెనక్కి జారలేదు, ముందుకి దూకలేదు. నిద్రపోయే పిల్లని ఎత్తుకుని మనిషి లేచినట్టు లేచి నడిచింది. వెనకనుంచి చప్పుడేమీ లేదు.

పైన బండ్లు ఆపుకునే జాగా ఉంది. కింద బూడిద రంగు రాతినేల, అవతల సముద్రం. ఇంకా పూర్తిగా ఆగకుండానే మా అమ్మాయి దూకి, పరుగెత్తి బాక్స్ చిన్న తలుపు తీసింది. మేమిద్దరం వెనకే చేరాం. గుర్రం గడ్డివలలోంచి ఒక పోచ లాగి నములుతూ, ఎందుకు ఆపారు అన్నట్టు మా వైపు చూసింది. భయపడ్డ గుర్రం మేయదు. ఆ సంగతి మాకు మా అమ్మాయే చెప్పింది.

మా ఆవిడకి అది చాలలేదు. లోపలికి వంగి, గుర్రం దవడ కింద రెండు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ నిలబడింది, ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడ్డట్టే. మా అమ్మాయి తల్లి మొహాన్నే చూస్తోంది. పెదాలు గట్టిగా బిగబట్టుకుంది. గాలి హోరు తప్ప ఏమీ లేదు. చివరికి మా ఆవిడ వేళ్లు తీసి, గుర్రం నుదుటిమీది జుట్టు సవరించింది.

"మనకన్న నిమ్మళంగుంది" అంది. ఆ తర్వాత మా అమ్మాయి వైపు తిరిగింది. "ఇగ ఈమెను ఎవ్వరికీ ఇచ్చుడు లేదు. నీదే."

మా అమ్మాయి తల్లి కోటులో మొహం దాచుకుని భోరుమంది. ఆ వేసవినుంచి ఆపుకున్నదంతా ఆ కొండమీద బయటికొచ్చింది. మా ఆవిడ ఆ పిల్ల వీపు నిమురుతూ "ఏం కాదు బిడ్డా, ఏం కాదు" అంటోంది. నేను సముద్రం చూస్తున్నట్టు అటు తిరిగి, చేతి రుమాలు మర్చిపోయినందుకు తిట్టుకుంటూ, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాను. గుర్రం మాత్రం గడ్డి నములుతూనే ఉంది.